వడ్డీ లేదు సరే.. లాభం ఎక్కడిది?
ఇస్లామిక్ బ్యాంకులకు ఏది కలిసొస్తుంది, ఏది ముంచుతుంది
లెక్క తెలిస్తే ‘హలాల్ రాబడి’ బోర్డు చూసి మోసపోయే పని ఉండదు

2019 జూన్. బెంగళూరు శివాజీనగర్‌లో ఐఎంఏ నగల దుకాణం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. బుర్ఖాల్లో మహిళలు, పింఛను డబ్బులు పెట్టిన పెద్దలు, కూతురి పెళ్లికని దాచింది తెచ్చిచ్చిన తండ్రులు. దుకాణానికి తాళం. యజమాని మహ్మద్ మన్సూర్ ఖాన్ అప్పటికే దేశం దాటాడు. కొద్ది వారాల్లోనే 40 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. వసూలైన సొమ్ము సుమారు 4,000 కోట్ల రూపాయలని దర్యాప్తు సంస్థలు లెక్క కట్టాయి. అంతకు ఎనిమిది నెలల ముందే, 2018 అక్టోబరులో, హైదరాబాద్ పోలీసులు హీరా గ్రూపు అధినేత్రి నౌహెరా షేక్‌ను అరెస్టు చేశారు. ఏడాదికి 36 శాతానికి పైగా రాబడి చూపిస్తామని చెప్పి వేల కోట్లు సేకరించారన్నది ఈడీ అభియోగం.

రెండుచోట్లా జనానికి చెప్పిన మాట ఒకటే. ‘ఇది వడ్డీ కాదు, వ్యాపార లాభం.’ బ్యాంకు వడ్డీ తీసుకోవడానికి మనసొప్పని కుటుంబాలు ఆ మాట నమ్మాయి. కోలార్, చిక్కబళ్లాపుర, బళ్లారి, రాయచూరు వంటి సరిహద్దు జిల్లాల వారికి బెంగళూరు, హైదరాబాద్ దూరం కావు. చుట్టరికాలు అక్కడే, బేరసారాలు అక్కడే. అలాంటి బోర్డులు మళ్లీ లేవవన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి అసలు ప్రశ్న అడగాల్సిందే. వడ్డీ లేకుండా నడిచే నిజమైన బ్యాంకులు ప్రపంచంలో ఉన్నాయి. వాటికి లాభం ఎలా వస్తుంది? ఎంత వస్తుంది? ఎప్పుడు రాదు?

సరుకు కొని అమ్మితేనే..

వడ్డీని ఇస్లాం నిషేధించింది. వ్యాపారాన్ని నిషేధించలేదు. ఇస్లామిక్ బ్యాంకు నిలబడింది ఈ తేడా మీదే. కారు కావాలని వచ్చిన ఖాతాదారుకు బ్యాంకు డబ్బు అప్పుగా ఇవ్వదు. తానే కారు కొని, దాని మీద కొంత లాభం వేసి, వాయిదాల మీద అతనికి అమ్ముతుంది. దీని పేరు మురాబహా. ఇల్లు, యంత్రం లాంటివి కొని అద్దెకిస్తే అది ఇజారా. ఇక డిపాజిట్ల సంగతి. ముదారబా పద్ధతిలో ఖాతాదారు డబ్బు పెడతాడు, బ్యాంకు దాన్ని వ్యాపారంలో తిప్పుతుంది, వచ్చిన లాభాన్ని ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టమొస్తే ఆ నష్టం సొమ్ము పెట్టినవాడిది. నడిపిన బ్యాంకుకు దాని కష్టం దండగ.

పేర్లు వేరైనా లాభనష్టాలు తేల్చే అంశాలు మామూలు బ్యాంకుకు, దీనికి దాదాపు ఒకటే. డిపాజిట్ ఎంత చవకగా దొరికింది? ఇచ్చిన సొమ్ము మీద ఎంత వచ్చింది? ఎంత మొండి బాకీ అయింది? నిర్వహణకు ఎంతైంది? సొంత మూలధనం ఎంత? అవసరానికి చేతిలో నగదు ఉందా? బయట ఆర్థిక పరిస్థితి, ఆస్తుల ధరలు ఎలా ఉన్నాయి?

వంద రూపాయల లెక్క

అర్థం కావడానికి ఓ ఊహా లెక్క వేసుకుందాం. బ్యాంకు దగ్గర ప్రజల సొమ్ము 100 రూపాయలు ఉందనుకుందాం. మొత్తం మురాబహా కింద ఇచ్చింది. ఏడాదికి 8 రూపాయలు వచ్చింది. డిపాజిట్లలో 60 రూపాయలు కరెంటు ఖాతాలవి. వాటి మీద బ్యాంకు ఇచ్చేది సున్నా. మిగతా 40 రూపాయల మీద 4 శాతం లాభం పంచింది, అంటే 1.60. సిబ్బంది జీతాలు, శాఖల ఖర్చు 2 రూపాయలు. మొండి బాకీలకు పక్కన పెట్టింది ఒక రూపాయి. చివరికి మిగిలేది 3.40.

ఇప్పుడు ఒకటే మార్పు చేద్దాం. మార్కెట్లో రేట్లు పెరిగాయి. ఖాతాదారులు కరెంటు ఖాతాలోంచి 20 రూపాయలు తీసి లాభం వచ్చే ఖాతాలో వేశారు. పంచాల్సిన రేటు 5 శాతమైంది. అంటే 60 రూపాయల మీద 3 రూపాయలు. మిగిలేది 3.40 నుంచి 2 రూపాయలకు పడిపోయింది. దీనికి తోడు మొండి బాకీ ఒక రూపాయి నుంచి మూడుకు పెరిగిందా.. మిగిలేది సున్నా. బ్యాంకు ఎక్కడా దొంగతనం చేయలేదు, ధర్మం తప్పలేదు. అయినా లాభం మాయమైంది.

ఉచిత డిపాజిట్టే బలం

కాగితం మీది ఈ లెక్క సౌదీ అరేబియాలో కళ్లకు కనిపిస్తుంది. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన ఎందరో తెలుగువారికి అల్ రాజ్‌హీ పేరు కొత్త కాదు. ఇంటికి డబ్బు పంపడానికి దాని కౌంటర్ల ముందు వరస కట్టినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆస్తుల్లో ప్రపంచంలోనే అతి పెద్ద ఇస్లామిక్ బ్యాంకు అది. 1957లో డబ్బు మార్పిడి వ్యాపారంగా మొదలైంది. దాని అసలు బలం ఎక్కడుందంటే, వడ్డీ వద్దనుకునే లక్షలాది ఖాతాదారులు తమ జీతాలను ఏమీ ఆశించకుండా కరెంటు ఖాతాల్లో ఉంచడంలో. మిగతా బ్యాంకులు డబ్బిచ్చి తెచ్చుకునే డిపాజిట్ దీనికి ఊరికే వస్తుంది. అంటే ఖాతాదారుడి భక్తే బ్యాంకుకు పెట్టుబడి!

అయితే ఆ భక్తికీ ఓ హద్దుంది. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర ముడిపడి ఉంది. అమెరికా రేటు పెంచితే సౌదీ కూడా పెంచక తప్పదు. 2022 మార్చి నుంచి 2023 జులై దాకా అమెరికా ఫెడరల్ రిజర్వు తన రేటును సున్నా దగ్గర్నుంచి 5.25-5.50 శాతానికి లేపింది. దాంతో సౌదీలోనూ ఖాతాదారులు కరెంటు ఖాతాల్లోంచి లాభం వచ్చే డిపాజిట్ల వైపు జరిగారు. మరోపక్క బ్యాంకు ఇచ్చిన గృహ రుణాలు చాలావరకు స్థిర లాభం మీద ఇచ్చినవి. సరుకు అమ్మాక ధర పెంచడం మురాబహాలో కుదరదు. రావాల్సింది కదలదు, ఇవ్వాల్సింది పెరుగుతుంది. ఫలితంగా 2022లో 1,715 కోట్ల రియాళ్లున్న నికర లాభం 2023లో 1,662 కోట్లకు తగ్గింది. ఆ ఏడాది ఇచ్చిన రుణాలు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. 2024లో అది మళ్లీ 1,973 కోట్ల రియాళ్లకు ఎగబాకింది.

వడ్డీ ముట్టని బ్యాంకు లాభాన్ని అమెరికా వడ్డీ రేటు కదిలించిందంటే వింతగా ఉంటుంది గానీ.. నిజం. మురాబహా మీద ఎంత లాభం వేయాలన్నది చాలా బ్యాంకులు మార్కెట్ వడ్డీ రేటును చూసే నిర్ణయిస్తాయి. పక్క బ్యాంకు కంటే ఎక్కువ వేస్తే అప్పు కోసం ఎవరూ రారు. తక్కువ వేస్తే డిపాజిట్‌దారుకు పంచడానికి ఏమీ మిగలదు.

ఖర్చు విషయంలో పెద్ద బ్యాంకుకు మేలు. 2024లో అల్ రాజ్‌హీ నిర్వహణ ఖర్చు దాని ఆదాయంలో సుమారు నాలుగో వంతే. చిన్న బ్యాంకుకు ఆ వీలు లేదు. కొనడం, అమ్మడం అని ప్రతి లావాదేవీకి రెండు సెట్ల కాగితాలు కావాలి. పద్ధతి సరిగా ఉందో లేదో చూడటానికి షరియా పండితుల మండలి ఉండాలి. ఖాతాదారులు పదివేలమంది ఉన్నా కోటిమంది ఉన్నా ఈ ఏర్పాటు తప్పదు.

మొండి బాకీకి మతం లేదు

మామూలు బ్యాంకు వాయిదా ఆలస్యమైతే అదనపు వడ్డీ గుంజుతుంది. ఇస్లామిక్ బ్యాంకుకు ఆ దారి లేదు. జరిమానా వేసినా సాధారణంగా ఆ సొమ్ము దానధర్మాలకు పోవాల్సిందే, లాభంలో కలపకూడదు. అందుకే అప్పు ఇచ్చే ముందు మనిషిని చూసుకోవడం దీనికి మరింత అవసరం. చూసుకోనప్పుడు ఏమైందో మలేసియా చెబుతుంది.

మలేసియాలో మొదటి ఇస్లామిక్ బ్యాంకు బ్యాంక్ ఇస్లాం 1983లో పుట్టింది. పేరుంది, ప్రభుత్వ అండ ఉంది. అయినా 2006 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 100 కోట్ల రింగిట్లకు పైగా నష్టం చూపించాల్సి వచ్చింది. కారణం తిరిగి రాని బాకీలు. కొత్త మూలధనం తెచ్చి, యాజమాన్యాన్ని మార్చి, వసూళ్లు గట్టి చేశాకే మళ్లీ లాభాల బాట పట్టింది.

అంతకంటే చేదు పాఠం పక్క దేశం బంగ్లాదేశ్‌ది. అక్కడ ఐదు షరియా బ్యాంకుల ఆస్తుల నాణ్యతను 2025లో తనిఖీ చేస్తే కళ్లు తిరిగే లెక్కలు బయటపడ్డాయి. ఫస్ట్ సెక్యూరిటీ ఇస్లామీ, యూనియన్, గ్లోబల్ ఇస్లామీ బ్యాంకుల్లో ఇచ్చిన అప్పుల్లో 90 శాతానికి పైగా మొండి బాకీలే. సోషల్ ఇస్లామీలో సగానికి మించి, ఎక్సిమ్ బ్యాంకులో సగానికి దగ్గరగా ఉన్నాయి. యాజమాన్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవారు సొంత కంపెనీలకు, బినామీలకు అప్పుల పేరిట సొమ్ము తరలించారన్నది ప్రధాన ఆరోపణ. 2025 నవంబరులో కేంద్ర బ్యాంకు ఐదింటి పాలక మండళ్లనూ రద్దు చేసి, అన్నిటినీ కలిపి సమ్మిళిత ఇస్లామీ బ్యాంకుగా మార్చే పని చేపట్టింది. మూలధనంలో సింహభాగం ప్రభుత్వమే పెట్టాల్సి వచ్చింది. వాటాదారుల సొమ్ము సున్నా అయింది. ఖాతాదారులకు తమ డబ్బు తమ చేతికి రావడమే గగనమైంది. ఆ ఐదు బ్యాంకుల బోర్డుల మీదా షరియా అన్న మాట ఉంది. ఆ మాట అప్పు తీసుకున్నవాడి చేత బాకీ కట్టించలేదు.

నేల ధర పడితే.. నగదు ఆరితే..

సరుకుతో, స్థిరాస్తితో ముడిపడిన వ్యాపారం కావడం ఇస్లామిక్ బ్యాంకుకు ఒకప్పుడు కవచం, ఒకప్పుడు గుదిబండ. 2008లో అమెరికా నుంచి సంక్షోభం పుట్టినప్పుడు ఈ బ్యాంకులు తొలి దెబ్బ తప్పించుకున్నాయి. కాగితాల మీద కాగితాలు పేర్చిన విష పత్రాలు కొనడం వీటికి నిషిద్ధం కాబట్టి. ఐఎంఎఫ్ ఆర్థికవేత్తలు 2010లో వెలువరించిన అధ్యయనం ఇదే చెప్పింది. 2008లో వీటి లాభాలు మామూలు బ్యాంకుల కంటే నిలదొక్కుకున్నాయి. కానీ 2009కి సంక్షోభం అసలైన ఆర్థిక వ్యవస్థను తాకేసరికి కొన్ని దేశాల్లో ఇస్లామిక్ బ్యాంకుల లాభాలే ఎక్కువ పడ్డాయి. ముప్పును అంచనా కట్టడంలో లోపాలే దీనికి కారణమని ఆ అధ్యయనం తేల్చింది.

దుబాయ్‌నే చూడొచ్చు. ఇళ్ల కొనుగోలుకు డబ్బిచ్చే అమ్లాక్, తమ్వీల్ అనే రెండు ఇస్లామిక్ సంస్థలు ఇళ్ల ధరలు ఎగబాకినన్నాళ్లు కళకళలాడాయి. 2008 చివర్లో ధరలు కూలగానే కొత్త రుణాలు ఆపేశాయి. రెండింటి షేర్ల లావాదేవీలూ ఆగాయి. తమ్వీల్‌ను 2010లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు మెజారిటీ వాటా తీసుకుని ఒడ్డున వేసింది. అమ్లాక్ షేర్లు మళ్లీ మార్కెట్లో కదలడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది.

నగదు సంగతి మరో మెలిక. మామూలు బ్యాంకుకు సాయంత్రానికి డబ్బు తక్కువైతే పక్క బ్యాంకు దగ్గర ఒక్క రాత్రికి వడ్డీకి తెచ్చుకుంటుంది. ఎక్కువైతే సర్కారు బాండ్లు కొంటుంది. ఇస్లామిక్ బ్యాంకు ఈ రెండూ చేయకూడదు. సుకూక్ (ఆస్తి ఆధారంగా ఇచ్చే పత్రాలు) బాగా దొరికే మలేసియా వంటి చోట ఇబ్బంది లేదు. దొరకని చోట చేతిలో నగదు ఎక్కువ ఉంచుకోవాలి. ఊరికే ఉన్న నగదు లాభం తేదు. ఉంచుకోకపోతే ప్రాణానికే ముప్పు. తుర్కియేలో ఆ కోవలో అతి పెద్దదైన ఇహ్లాస్ ఫైనాన్స్ 2001 ఫిబ్రవరిలో ఇలాగే మూతపడింది. దేశమంతా ఆర్థిక సంక్షోభం, ఖాతాదారులు డబ్బుకు ఎగబడ్డారు, మామూలు బ్యాంకు డిపాజిట్లకున్న సర్కారు హామీ దీనికి లేదు.

లాభం రాకపోయినా పంచాల్సిందే

పుస్తకంలో ముదారబా ఖాతాదారు నష్టం కూడా మోయాలి. కానీ ఏ బ్యాంకు మాత్రం ‘ఈ ఏడు లాభం రాలేదు’ అని ఖాతాదారును పంపించేయగలదు? పక్క వీధిలో మామూలు బ్యాంకు 4 శాతం ఇస్తుంటే, ఇది 2 శాతమే ఇస్తే జనం లేచిపోతారు. అందుకని చాలా బ్యాంకులు తమ వాటా లాభం తగ్గించుకుని ఖాతాదారుకు పంచుతాయి. మంచి ఏడాదిలో కొంత లాభం పక్కన దాచి, చెడ్డ ఏడాదిలో తీసి పంచడమూ ఉంది. అలా చేస్తే వాటాదారుకు మిగిలేది తగ్గుతుంది. ఈ గజిబిజి పోవాలనే మలేసియా 2013లో కొత్త చట్టం తెచ్చి రెండు రకాల ఖాతాలను విడదీసింది. అసలుకు భరోసా ఉన్న డిపాజిట్ ఒకటి, నష్టం వస్తే ఖాతాదారే మోయాల్సిన పెట్టుబడి ఖాతా మరొకటి. రెండో దానికి డిపాజిట్ బీమా లేదు. భరోసా, ఎక్కువ రాబడి రెండూ ఒకే ఖాతాలో దొరకవని చట్టమే చెప్పినట్లయింది.

మన దగ్గర ఎందుకు లేదు?

భారతదేశంలో లైసెన్సున్న ఇస్లామిక్ బ్యాంకు ఒక్కటీ లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించాలని 2008లో రఘురాం రాజన్ కమిటీ సూచించింది. రిజర్వు బ్యాంకు అంతర్గత బృందం 2016లో మామూలు బ్యాంకుల్లోనే ఓ ప్రత్యేక కౌంటర్‌లా దశలవారీగా మొదలుపెట్టొచ్చంది. కానీ 2017 నవంబరులో, బ్యాంకు సేవలు పౌరులందరికీ సమానంగా అందుబాటులో ఉన్నందున ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పింది.

చట్టంలోనూ చిక్కులున్నాయి. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 8వ సెక్షన్ ప్రకారం బ్యాంకు సరుకుల వ్యాపారం చేయకూడదు. సరుకు కొనకుండా, అమ్మకుండా మురాబహా ఎక్కడిది? ఇల్లు బ్యాంకు పేర ఒకసారి, ఖాతాదారు పేర ఒకసారి రిజిస్టరైతే స్టాంపు డ్యూటీ రెండుసార్లు కట్టాలి. డిపాజిట్లలో 18 శాతం సర్కారు బాండ్ల వంటి వాటిలో ఉంచాలన్న నిబంధన ఉంది. బాండ్ల మీద వచ్చేది వడ్డీ. అది వద్దంటే ప్రతి వంద రూపాయల్లో 18 రూపాయలు లాభం లేకుండా పడి ఉండాలి. పై వంద రూపాయల లెక్కలో ఇది కూడా కలిపి చూస్తే, చట్టం మారనిదే ఇక్కడ అలాంటి బ్యాంకుకు లాభం రావడం కష్టమని తేలిపోతుంది.

36 శాతం లెక్క ఎక్కడ తప్పింది?

ఇప్పుడు మళ్లీ శివాజీనగర్‌కు వద్దాం. ప్రపంచంలో అతి పెద్ద ఇస్లామిక్ బ్యాంకు, ఊరికే వచ్చే డిపాజిట్లు, తక్కువ ఖర్చు, చమురు దేశం.. ఇన్ని కలిసొచ్చిన అల్ రాజ్‌హీకి 2024లో సుమారు 97 వేల కోట్ల రియాళ్ల ఆస్తుల మీద మిగిలిన నికర లాభం వందకు రెండు. పంచకముందు వచ్చే రాబడి చూసుకున్నా అలాంటి బ్యాంకులు ఏడాదికి వందకు 36 సంపాదించే వ్యాపారం కాదు. అలాంటప్పుడు ఓ నగల దుకాణం, ఓ బంగారం కంపెనీ ఏ ఆటుపోటూ లేకుండా నెలనెలా భారీ రాబడి ఎలా ఇవ్వగలుగుతాయి? కొత్తవాడు తెచ్చిన సొమ్ము పాతవాడికి పంచితేనే కుదురుతుంది. కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున దుకాణానికి తాళం పడుతుంది. ఐఎంఏలో జరిగిందీ ఇదేనన్నది దర్యాప్తు సంస్థల వాదన.

మరో సంగతి. ఐఎంఏ తన దగ్గరకు వచ్చినవారిని డిపాజిట్‌దారులని కాకుండా భాగస్వాములని రాసుకుంది. డిపాజిట్ల చట్టం కంట పడకుండా ఉండే ఎత్తుగడ అది. అనుకూల నివేదిక ఇచ్చాడన్న ఆరోపణపై ఓ రెవెన్యూ అధికారీ 2019లో అరెస్టయ్యాడు. అదే ఏడాది జులైలో మన్సూర్ ఖాన్ ఢిల్లీలో దిగగానే దొరికాడు. కేసు సీబీఐ చేతికెళ్లింది. డబ్బు పోగొట్టుకున్నవారు మాత్రం ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు.

వడ్డీ వద్దనుకోవడం విశ్వాసానికి సంబంధించిన విషయం. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అలాంటివారికి చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. ఏ బ్యాంకులోనైనా వడ్డీ లేని కరెంటు ఖాతా తెరవొచ్చు. 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ బీమా దానికీ వర్తిస్తుంది. షరియా సూత్రాలు చూసి షేర్లు ఎంచుకునే మ్యూచువల్ ఫండ్లున్నాయి. టాటా ఎథికల్ ఫండ్ 1996 నుంచి నడుస్తోంది. అయితే వాటిలో లాభంతో పాటు నష్టమూ ఉంటుంది. నష్టం ఉండొచ్చని ముందే చెప్పడమే వాటి నిజాయతీ.

ఇక ఎవరైనా ‘హలాల్ లాభం’ అంటూ గడప తొక్కితే అడగాల్సినవి కొన్నే. ఏ సరుకు కొంటున్నారు, ఎవరికి అమ్ముతున్నారు? బాకీలు రాకపోతే ఆ నష్టం ఎవరిది? నిరుడు ఏ నెలలోనైనా లాభం తగ్గిందా? డిపాజిట్ తీసుకోవడానికి ఎవరి అనుమతి ఉంది? అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో సంస్థ పేరు వెతకొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు.

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. నిజమైన వ్యాపారంలో లాభం ఓ నెల పెరుగుతుంది, ఓ నెల తగ్గుతుంది. అల్ రాజ్‌హీకే 2023లో తగ్గింది. ఏ నెలా తగ్గని లాభం ఎవరైనా చూపిస్తే.. అది లాభం కాదు. మన సొమ్మే మనకు తిరిగి వస్తోందన్నమాట.